తెడ్డు పట్టిన చేతికి ఓటు: ఏథెన్స్ కథ, మన వైజాగ్ కథ

ప్రజాస్వామ్యం ఎక్కడ పుట్టింది అంటే "గ్రీసులో" అని స్కూల్లో అందరం రాసేశాం. కానీ అది ఎవరి చెమటతో ఎదిగిందో వైజాగ్ వాళ్ళకి చెప్తే ఇట్టే అర్థమవుతుంది. ఏథెన్స్ కూడా మనలాగే రేవు ఉన్న ఊరు. దాని పోర్టు పేరు పైరియస్.

మొదట్లో అక్కడ పెత్తనమంతా భూములున్న పెద్ద కుటుంబాలదే. అప్పు తీర్చలేని పేదవాడు బానిస అయిపోయేవాడు. క్రీ.పూ. 594లో సోలోన్ ఆ పద్ధతి రద్దు చేశాడు. క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లీస్థెనీస్ జనాన్ని 10 విభాగాలు చేసి, ఒక్కో దాన్నుంచి 50 మంది చొప్పున 500 మందితో కౌన్సిల్ పెట్టాడు.

అసలు మలుపు క్రీ.పూ. 480లో వచ్చింది. సలామిస్ దగ్గర సముద్రంలో గ్రీకులు పర్షియా నౌకాదళాన్ని ఓడించారు. ఒక్కో యుద్ధనౌకకి దాదాపు 170 మంది తెడ్లు వెయ్యాలి. ఏథెన్స్ ఓడల్లో ఆ పని చేసింది ఎక్కువగా పేదలే. ఊరు వాళ్ళ రెక్కల మీద నిలబడ్డాక, సభలో వాళ్ళ మాట తీసిపారెయ్యడం ఎవరి తరమూ కాలేదు. తీర్పు చెప్పడానికి కోర్టుకి వచ్చే పౌరులకి పెరిక్లీస్ రోజు భత్యం ఇప్పించాడు. తర్వాత రోజుల్లో సభకి వచ్చినా డబ్బులిచ్చారు. కూలి పోతుందన్న భయం ఉంటే పేదవాడు ఎలా వస్తాడు చెప్పండి?

లోటు కూడా చెప్పుకోవాలి. ఆడవాళ్ళకి, బానిసలకి, బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళకి అక్కడ ఓటు లేదు. ఆ రూలు మన దగ్గర పెడితే, పోర్టులోనూ స్టీల్ ప్లాంటులోనూ పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల సంగతేంటి?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. గ్రేటర్ విశాఖ కార్పొరేషన్‌కి 2007లో ఎన్నికలు జరిగాయి. 2012లో ఆ కౌన్సిల్ గడువు అయిపోయింది. మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో, 98 వార్డులకి! మధ్యలో తొమ్మిదేళ్ళు అధికారుల పాలనే. కాలువ పొంగినా, వీధిలైటు వెలగకపోయినా, మనం గెలిపించిన కార్పొరేటర్ అంటూ ఒక్కరూ లేరు. ఏథెన్స్‌లో ఆ 500 మంది కౌన్సిల్ ఏటా మారేది.

నాకు అర్థమైంది ఒకటే. ప్రజాస్వామ్యం ఒకసారి పుట్టేసి అలా ఉండిపోయేది కాదు. జనం పట్టించుకోకపోతే సభ ఖాళీగా ఉన్నా ఎవరూ అడగరు.

మీ వార్డు నంబరెంత? కార్పొరేటర్ ఎవరు? ఫోన్‌లో వెతక్కుండా కామెంట్‌లో చెప్పండి చూద్దాం!