పేకాటలో నేర్పెంత? అదృష్టమెంత?

ఆట మధ్యలో ఆగిపోయినచో పందెపు సొమ్మును ఎట్లు పంచవలెను? చిరకాలముగా ఉన్న ఈ చిక్కు ప్రశ్నకు 1654లో పాస్కల్, ఫెర్మా అను ఫ్రెంచి గణితజ్ఞులు ఉత్తరముల ద్వారా సమాధానము కనుగొనిరి. సంభావ్యతా గణితమునకు అదియే పునాది.

పందెమును గురించిన మరొక ప్రశ్న మన ప్రాంతమునుండియే సుప్రీంకోర్టుకు వెళ్లినది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుట హైదరాబాదు జూద చట్టము క్రింద నేరమగునా? 1967 నవంబరులో తీర్పు వెలువడినది. మూడు ముక్కలాట కేవలము అదృష్టము. రమ్మీలో పడిన ముక్కలను గుర్తుంచుకొని ఆడవలెను గనుక నేర్పే ప్రధానమని న్యాయస్థానము తేల్చినది. అయితే ఆటపై యజమాని లాభము తీయుచున్నచో అది నేరము కావచ్చునని కూడ హెచ్చరించినది.

ఈ నేర్పు ఎట్టిదో పాశ్చాత్యుల ఏడు ముక్కల పోకరులో స్పష్టముగా చూడవచ్చును. ఇందు ప్రతివానికి నాలుగు ముక్కలు బయటికి, మూడు లోపలికి పంచెదరు. ఒకని చేతిలో ఆసుల జత ఉన్నదనుకొందము. ప్రస్తుతము అదే పెద్దది. ప్రత్యర్థికి ఆరు ముక్కలలో నాలుగు ఆఠీనులున్నవి. ఐదవది వచ్చినచో అతడే గెలుచును. అతనికి కనబడని ముక్కలు 46, వానిలో ఆఠీనులు 9. కనుక అవకాశము 9/46, అనగా సుమారు ఐదవ వంతు. ఇతరుల ముందు ఆరు ముక్కలు తెరచియుండి, వానిలో మూడు ఆఠీనులైనచో అది 6/40కి, అనగా నూటికి 15కి తగ్గును. చూచి గుర్తుంచుకొనువానికే ఈ తేడా తెలియును.

ఇక ఆసుల జత సంగతి. ఒక్క ప్రత్యర్థికి ఐదవ వంతు అవకాశమున్నచో, జత నిలుచు అవకాశము నూటికి 80. అటువంటివారు నలుగురున్నచో 0.8 ను నాలుగుసార్లు హెచ్చింపగా నూటికి సుమారు 41 మాత్రమే. అందుచేతనే ఇట్టి బలహీనమైన చేతికి ముందుగానే పెద్ద పందెము కాసి, కొందరిని తప్పుకొనునట్లు చేయుదురు. లెక్క తెలిసినను అపజయము తప్పునని కాదు.

1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమై హైటెక్ సిటీ పెరిగినది. అనంతర కాలమున రమ్మీ క్లబ్బు బల్లనుండి కంప్యూటరునకు, చేతి ఫోనునకు వచ్చినది. ఐదుగురు తలా 100 రూపాయలు పెట్టగా నిర్వాహకుడు 50 తీసికొన్నచో, ఎంత నేర్పున్నను వారందరికి కలిపి మిగులునది 450 మాత్రమే. ఆట ఎంత వేగముగా సాగిన నష్టమంత త్వరగా పెరుగును.

2017లో తెలంగాణ తన చట్టమును సవరించి, నేర్పు ఆటయైనను పందెము కాయుటను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైను డబ్బు ఆటలను దేశమంతట నిషేధించు చట్టము చేసినది. ఇందు నేర్పు, అదృష్టము అను భేదము లేదు.