అర్ధనారీశ్వరమూర్తియందలి ద్విత్వము

అర్ధనారీశ్వరమూర్తి దంపతుల యభేదమునకు సంకేతమని ప్రసిద్ధి. చిరకాలప్రేమయం దొకరి కొకరు వేఱుగాఁ గనఁబడకుండుటయే పరమావధి యనియు, దాని కీ మూర్తియే ప్రమాణ మనియుఁ గొందఱు వ్యాఖ్యానించుచున్నారు. శిల్పమును, కథను బరిశీలించినచో నీ వ్యాఖ్యానము నిలువదు.

బాదామి గుహలలో మొదటిదానియం దీ మూర్తి కలదు. అచ్చటి మూఁడవ గుహయందలి శాసనము శక 500, అనఁగా క్రీ.శ. 578వ సంవత్సరమునాటిది, మొదటి గుహయు నించుమించుగా నా శతాబ్దమునకే చెందినది. కుడిసగమున జటలు, పరశువు; ఎడమసగమున స్తనము, ఆభరణములు, పుష్పము. శిల్పి యీ రెంటిని గరఁగించి మూఁడవ యాకృతి నొకదానిఁ గల్పింపలేదు. ఇరువురి ముందరిచేతులును గలసి యొక్క వీణను బట్టినవి.

ప్రక్కన నెముకలగూడువలె భృంగి నిలిచియున్నాఁడు. అతని కథ గ్రంథములందు భిన్నరీతులఁ గనఁబడినను, కృశించిన భృంగి యా శతాబ్దముననే శిల్పికిఁ దెలిసియుండెను. భృంగి శివునకుఁ దక్క దేవికిఁ బ్రదక్షిణము చేయనొల్లఁడు. దేవి పతిశరీరమున సగము కాఁగా, నతఁడు తుమ్మెదయై నడుమఁ దొలిచి శివభాగమునకే ప్రదక్షిణించెను. దేవి కోపించి, తల్లివలనఁ గలిగిన రక్తమాంసములను విడువు మనెను. నిలువలేక పడఁబోవు భక్తునకు శివుఁడు మూఁడవకా లొసఁగెను. శివుఁడు దేవి శాపమును మరలింపలేదు. తన భక్తుని విడువనులేదు. దేవియు భర్త యిచ్చిన కాలిని హరింపలేదు. ఒక్క శరీరమున నుండియు నొకరి తీర్పు నొకరు చెఱుపరైరి. దేవి శివునందుఁ గరఁగియే పోయినచో శపించిన దెవ్వరు?

కాళిదాసు రఘువంశాదిని బార్వతీపరమేశ్వరులను శబ్దార్థములతోఁ బోల్చెను. శబ్దార్థములు విడదీయరానివి, ఐనను శబ్ద మర్థము కాదు. ఆ శ్లోకముననే వారిని ‘పితరౌ’ అనెను. పాణిని 1-2-70వ సూత్రముచే మాతృశబ్దము తొలఁగి పితృశబ్దమే మిగిలినను, ద్వివచనము తల్లిని విడువదు. ఆ శ్లోకమందలి ద్వంద్వసమాసమున నిరువురి పేళ్లును నిలిచినవి. అందుఁ బార్వతియే ముందు. తక్కువ యచ్చులుగల పదము పూర్వమున నుండవలెనను నియమముచే నైన నగుఁగాక. ఆ సమాసమునే ‘పార్వతీప-రమేశ్వరులు’ అని విఱిచి హరిహరపరముగాఁ జెప్పు చమత్కార మొకటి పండితులలోఁ గలదు. విఱుపునకు దోషము లేదు గాని, శబ్దార్థముల యుపమాన మప్పు డన్వయించుట కష్టము.