పాత స్పీకరుకు కొత్త అంచు

మే నెల. ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14 దాకా, 61 రోజులు. నెల్లూరు తీరంలోని మైపాడులో బోట్లన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. వేపచెట్ల నీడన వలలు బాగుచేసుకుంటున్నారు. మీరు వసారాలో పాత పేపర్లు పరిచి, ఇరవయ్యేళ్ల నాటి స్పీకరు పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టారు.

ముందున్న గుడ్డ జాలీ ఊడదీస్తే లోపల ఎనిమిదంగుళాల కాగితపు కోను. దాన్ని చట్రానికి పట్టి ఉంచాల్సిన స్పాంజి అంచు సగం రాలిపోయింది. మిగిలిన సగం వేలు తగిలితే చాలు, నల్లగా, జిగటగా అంటుకుంటోంది. పాలీయురేథేన్ స్పాంజిని గాల్లో తేమే మెల్లమెల్లగా విడగొడుతుంది. ఎండా తేమా కలిసిన మన తీరంలో ఆ పని ఇంకా తొందరగా అయిపోతుంది. బాస్ వచ్చినప్పుడల్లా గరగరమంటోందని ఈ పెట్టెను అటక ఎక్కించారు. చెడిపోయింది ఆ పల్చటి అంచొక్కటే. అయస్కాంతం, కోను, కాయిలు, చెక్క పెట్టె అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇంత సామాను పాత ఇనుముకు వేయడం అన్యాయం.

"ఏంది సామీ, ఇదింకా పాడతాదా?" పక్కింటి పెద్దాయన గడప దగ్గర నిలబడ్డాడు.

"పాడిద్దాం. కాళ్లు కడుక్కోని రా మావా, ఇసుక పడితే కష్టం."

ఆ మాట ఊరికే అనలేదు. ఈ ఒడ్డున ఇసుకలో నల్లటి రేణువులుంటాయి. అయస్కాంతం కనబడితే ఎగబడి అంటుకుంటాయి. కాయిలు ఆడే సందులో ఒక్కటి దూరినా గీకుతూనే ఉంటుంది.

స్క్రూలు తుప్పుపట్టాయి. తలల మీద కిరసనాయిలు చుక్కలు వేసి, కాసేపాగి తిప్పండి. వైర్లు విప్పేముందు ప్లస్సు ఏదో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మల్టీమీటరు. ఎనిమిది ఓముల స్పీకరుకు ఆరు దగ్గర చూపిస్తే కంగారొద్దు, మీటరు కొలిచేది డీసీ నిరోధాన్నే. కాయిలు బాగుంది.

అంచు గోకడానికి ఓపిక కావాలి. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడుస్తూ, మొద్దు కత్తితో జిగురును లేపుతూ పోతారు. కోను కాగితం తడిసి మెత్తబడకూడదు. పెద్దాయన సైకిలు ట్యూబు కోసి అంటించమంటాడు. చాలామంది చేసే పనే, కానీ నేను ఒప్పుకోను. ఆ రబ్బరు బరువు, బిగుసు. కోను స్వేచ్ఛగా ఆడదు, పాట గొంతు పట్టేసినట్టు వస్తుంది. సరైన కొలతలో స్పాంజి రింగు తెప్పించుకోవడమే మేలు, మళ్లీ పదిహేనేళ్లకు మార్చాల్సి వచ్చినా సరే.

అసలు పనితనం మధ్యకు కుదర్చడంలో ఉంది. కోను నడుమ ఉన్న డస్ట్ క్యాప్‌ను బ్లేడుతో చుట్టూ కోసి తీశారు. పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నటి ముక్కలు చేసి, కాయిలుకూ మధ్యనున్న ఇనుప కమ్మీకీ నడుమ నాలుగు దిక్కులా దోపారు. ఇక కాయిలు ఎటూ ఒరగదు. రింగును ముందు కోనుకు అంటించి ఆరనిచ్చారు, తర్వాత చట్రానికి. రాత్రంతా కదపకూడదు.

తెల్లారాక ఫిల్ము ముక్కలు లాగేసి, రెండు చేతుల వేళ్లతో కోనును సమంగా నొక్కండి. చప్పుడు లేదు. 1.5 వోల్టుల బ్యాటరీ తాకిస్తే కోను ముందుకు ఉబికింది, ప్లస్సు సరిగ్గానే గుర్తుపెట్టారు. డస్ట్ క్యాప్ అంటించి, ఆరాక స్పీకరును పెట్టెలో బిగించారు.

మొదట వినాల్సింది మనకు బాగా తెలిసిన గొంతే. 1946లో పుట్టిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాట పెట్టారు, 1980 నాటి శంకరాభరణం లోది. బాస్ నిండుగా ఉంది. గరగర పోయింది. కానీ 'స', 'శ' మొద్దుబారి వినిపిస్తున్నాయి. ఆ పదును ట్వీటరుది. దానికి దారిచ్చే కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది. పెట్టె లోపల చిన్న బోర్డు మీద 4.7 మైక్రోఫారడ్ అని కనిపించింది. అదే విలువది, ప్లస్సు మైనస్సు తేడా లేని నాన్‌పోలార్ రకమే కొనాలి.

"అది వేశాక మా హారన్ కూడా చూడు," అన్నాడు పెద్దాయన. రామాలయం మీదిది. పాటలకే కాదు, తుపాను హెచ్చరికకూ దాన్నే మోగిస్తారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఆయన మరిచిపోలేదు. హారన్ పని ఇంతకన్నా సులువు. వెనక యూనిట్ విప్పి, డయాఫ్రమ్ తీసి, సందులో పేరుకున్న నల్ల ఇసుకను మడిచిన టేపుతో అద్ది లాగి, కొత్త డయాఫ్రమ్ కూర్చోబెట్టడమే.

"నెల్లూరుపోతే రెండు డయాఫ్రమ్‌లు తీసుకురా మావా. ఒకటి గుళ్లోనే దాచిపెట్టండి, వానలు మొదలయ్యాక వెతుక్కోనక్కర్లేకుండా."