పార్టికల్ బోర్డు పలకల మరమ్మతు

విడిభాగాలుగా పెట్టెలో వచ్చి ఇంట్లోనే బిగించుకునే ఫ్లాట్‌ప్యాక్ ఫర్నిచర్‌లో గీతలు, పెచ్చులు, ఉబ్బు, మర పట్టు వదలడం వంటి లోపాలను తక్కువ ఖర్చుతో సరిచేసే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇలాంటి పలకలు ఎక్కువగా పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. (సన్న చెక్కనారను ఒత్తి చేసిన పలక), లేదా లోపల అట్ట గూళ్లున్న బోలు పలకలు. టేకు, మద్ది వంటి నిజం చెక్కకు అలవాటైన చిత్రిక, పాలిష్ వీటికి నేరుగా పనికిరావు. దెబ్బ పైపొరకే తగిలిందా, అంచు విడిందా, లోపలి బోర్డు చెడిందా అన్నదాన్ని బట్టే పద్ధతీ ఖర్చూ నిర్ణయమవుతాయి.

చరిత్ర

రంపపు పొట్టుతో పలకలు ఒత్తవచ్చన్న ఊహ పాతదే. 1887లో జర్మనీలో ఎర్న్‌స్ట్ హుబార్డ్ రంపపు పొట్టు, రక్తపు ఆల్బుమిన్ కలిపి కృత్రిమ చెక్క చేయవచ్చని ప్రతిపాదించాడు. పార్టికల్ బోర్డు ఎవరి సృష్టి అన్న దానిపై రెండు వాదాలున్నాయి. ఒకటి 1932 నుంచి పేటెంట్లు పొందిన జర్మన్ మాక్స్ హిమ్మెల్‌హెబర్‌ది అంటుంది. రెండోది మూడు పొరల నోవోపాన్ బోర్డును రూపొందించిన స్విస్ ఇంజనీరు ఫ్రెడ్ ఫార్నీని ముందుంచుతుంది. తొలి ఆలోచన హిమ్మెల్‌హెబర్‌దనీ, నేటి ఫర్నిచర్ పలక రూపం ఫార్నీదనీ చెప్పడం సమంజసంగా తోస్తుంది. పారిశ్రామిక ఉత్పత్తి 1941 ప్రాంతంలో బ్రెమెన్‌లో మొదలైందని సాధారణంగా చెబుతారు. ఎం.డి.ఎఫ్. 1960ల నడుమ అమెరికాలో వచ్చింది; కొందరు 1965 అంటే మరికొందరు 1966 అంటారు.

విడదీసి పంపే ఫర్నిచర్‌కు 1956ను ఆరంభంగా చెప్పడం రివాజు. ఆ ఏడాది ఫర్నిచర్ సంస్థ ఐకియా డిజైనర్ గిలిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్ల కాళ్లు ఊడదీసి కారులో సర్దాడని కథనం. కానీ 1859 నాటి థోనెట్ సంస్థ 14వ నంబరు కుర్చీలు అప్పటికే విడిభాగాలుగా, ఒక ఘనమీటరు పెట్టెలో 36 చొప్పున ఎగుమతయ్యేవి. కాబట్టి 1956ను పుట్టుకగా కాక, ఈ పద్ధతికి విస్తృత ప్రచారం మొదలైన ఏడాదిగా చూడటం మేలు.

తెలుగు నేలపై ఈ బోర్డుకు పటాన్‌చెరులోని నోవోపాన్ కర్మాగారంతో పేరొచ్చింది. బోర్డు ఏ కంపెనీదైనా ‘నోవాపాన్’ అని పిలిచే వడ్రంగులు ఇప్పటికీ ఉన్నారు. ఐకియా భారతదేశంలో తన తొలి దుకాణాన్ని 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో తెరిచింది.

నిర్మాణం, బలహీనత

మామూలు పలక మందం 16 లేదా 18 మి.మీ. పై కింది పొరల్లో సన్నపొట్టు, నడుమ ముతక చెక్కపేళ్లు ఉంటాయి. వీటిని ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో కలిపి వేడి ప్రెస్సులో ఒత్తుతారు. పైన చెక్క గీతలు అచ్చువేసిన మెలమైన్ కాగితం అతికిస్తారు. దాని మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. దాంతో పోలిస్తే విడిగా అతికించే సన్‌మైకా రేకు సాధారణంగా 0.8 నుంచి 1 మి.మీ. ఉంటుంది. భారతీయ ప్రమాణాల్లో సాదా పార్టికల్ బోర్డుకు ఐ.ఎస్. 3087, కాగితం అతికించిన ప్రీలామ్ బోర్డుకు ఐ.ఎస్. 12823 వర్తిస్తాయి.

ఈ బోర్డుకు అసలు శత్రువు నీరు. ప్రెస్సులో అణిగిన పేళ్లు తడి తగలగానే నానిన అటుకుల్లా ఉబ్బుతాయి, జిగురు బంధాలు తెగుతాయి. ఆరినా పాత మందం తిరిగి రాదు. పలక ముఖాలు నీటిని చాలావరకు ఆపుతాయి. అంచులు, మర రంధ్రాలు, కోసిన చోట్లు పీలుస్తాయి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో బీరువా అడుగు, సింకు కింద అల్మరా ముందుగా చెడటానికి కారణమిదే.

గీతలు, పెచ్చులు

మెలమైన్ పలకను గరుకు కాగితంతో రుద్దితే గీత పోదు, అచ్చు కాగితమే పోతుంది. పైపై గీతకు ఫర్నిచర్ మార్కర్ చాలు. ముందు లేత రంగు పూసి, చాలకపోతే ముదురుకు వెళ్లాలి. ముదురు పడ్డాక వెనక్కి తేవడం కష్టం.

లోపలి పొట్టు కనిపించేంత లోతైన గీతకు గట్టి మైనం మేలైనది. పలక రంగుకు దగ్గరగా ఉన్న రెండు మూడు మైనం కడ్డీలను కాల్చిన కత్తి మొనతో కరిగించి కలిపి, గీతలో కాస్త ఎత్తుగా నింపుతారు. చల్లారాక పాత ఏటీఎం కార్డు అంచుతో గీసి మట్టం చేస్తారు. పక్కనున్న చెక్క గీతను సన్న గోధుమరంగు పెన్సిల్‌తో మైనం మీదుగా పొడిగిస్తే అతుకు కంటికి ఆనదు. పిల్లల క్రేయాన్లూ పనికొస్తాయి, కానీ మెత్తనివి కావడంతో ఎక్కువగా వాడే చోట నిలవవు.

అక్రోటు గింజో కొబ్బరినూనో రుద్దమనే చిట్కా నూనె పీల్చే నిజం చెక్కకు, వెనీర్‌కు కొంతవరకు వర్తిస్తుంది. మెలమైన్ నూనె పీల్చదు. టూత్‌పేస్టు మెరుపు పలకను మసకబారుస్తుంది.

అంచులు

ఊడిన అంచు పట్టీని ఆలస్యం చేయకుండా అతికించాలి. వేడికి కరిగే జిగురుతో వచ్చిన కాగితపు పట్టీ అయితే గుడ్డ అడ్డుపెట్టి ఇస్త్రీపెట్టెను మధ్యస్థ వేడిలో నడిపి, వెంటనే చెక్కముక్కతో నొక్కుతారు. పీవీసీ పట్టీ ఆ వేడికి ముడుచుకుపోవచ్చు. దానికి రబ్బరు జిగురును రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరాక ఒకేసారి అదమాలి. ఎక్కువైన పట్టీని ఆకురాయితో ఎప్పుడూ పలక వైపుకే రాయాలి. బయటికి రాస్తే పెచ్చు లేస్తుంది.

ఉబ్బు

ముందుగా పలకను విప్పి, నీడన గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. విడిన పొరల మధ్యకు పల్చని ఫెవికాల్‌ను సిరంజితో ఎక్కించి, ప్లాస్టిక్ కాగితం అడ్డుపెట్టి, రెండు చెక్కల నడుమ క్లాంపుతో రాత్రంతా బిగిస్తారు. మరునాడు మిగిలిన ఎత్తును గరుకు కాగితంతో దించి, వార్నిష్‌తో మూసి, కొత్త పట్టీ వేస్తారు. దీంతో గట్టిదనం కొంత తిరిగి వస్తుంది, పూర్వపు నునుపు రాదు.

పక్క పలకల అడుగు మాత్రమే కుళ్లితే రెండింటినీ సమానంగా కోసి, కోతకు రెండు పూతలు వార్నిష్ వేసి, 100 మి.మీ. పీవీసీ కాళ్లు బిగించడం మన ఇళ్లకు ఎక్కువగా నప్పుతుంది. నేల తడి మళ్లీ బోర్డును చేరదు.

మర పట్టు

మడతబందు మర ఊడివస్తే రంధ్రంలోని పొడిని ఊది, నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్కలు వేసి ఆరనిస్తారు. తర్వాత తలలు తీసిన అగ్గిపుల్లలనో వెదురు పుల్లలనో ఫెవికాల్‌లో ముంచి దిగ్గొట్టి, మట్టంగా కోసి, 24 గంటల తర్వాత సన్న రంధ్రం చేసి మర బిగిస్తారు. రంధ్రం మరీ పెద్దదైతే 8 లేదా 10 మి.మీ. బిట్టుతో శుభ్రంగా తొలిచి అదే కొలత చెక్క డోవెల్ అతికించాలి. పలకలను కలిపి బిగించే క్యామ్ (గుండ్రటి బిగింపు) గూడు పెచ్చులూడితే దాన్ని ఎం-సీల్‌తో నింపి, ఆరాక మళ్లీ తొలుస్తారు. బోలు పలకలో ఇవేవీ నిలవవు. లోపల చెక్కముక్క అతికించడమో, వాషరుతో ఇటునుంచి అటు దాటే బోల్టు వేయడమో దారి. చిన్న మరలు, క్యామ్‌లను ఐకియా వంటి సంస్థలు విడిగానూ ఇస్తాయి.

వంగిన అరలు

బరువు సమానంగా పరుచుకుంటే వంపు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అదే పుస్తకాల వరసకు 90 సెం.మీ. అర 60 సెం.మీ. అర కన్నా దాదాపు 5 రెట్లు వంగుతుంది. తిరగేసి పెట్టడం తాత్కాలికం. ముందంచు కింద 40 మి.మీ. చెక్క పట్టీ అతికించడం, లేదా నడుమ ఒక ఆధారం పెట్టడం శాశ్వతం.

పలక మార్పు

3 మి.మీ. వెనక అట్ట చెడితే మరమ్మతు కన్నా ప్లైవుడ్ ముక్క మార్చడం చవక. పెద్ద పలకలకు 8×4 అడుగుల ప్రీలామ్ షీటు మొత్తం కొననక్కరలేదు. ప్లైవుడ్ దుకాణాల్లో, వడ్రంగుల దగ్గర మిగులు ముక్కలు దొరుకుతాయి. రంగు వేయాలంటే మెలమైన్‌ను 240 నంబరు కాగితంతో మసకబార్చి, నునుపు ఉపరితలాలకు పట్టే ప్రైమరు వేశాకే ఎనామిల్ వేయాలి.

జాగ్రత్తలు, హద్దులు

చెక్క ధూళిని, ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల 1వ వర్గంలో చేర్చింది. రుద్దడం, కోయడం ఆరుబయట, మాస్కుతో చేయాలి. బరువు మోసే పలక నడుమ విరిగినా, గోడకు బిగించే అల్మరా పైపలక ఉబ్బినా అతుకులు నమ్మదగినవి కావు; పలక మార్చాలి. మిగతా లోపాల్లో చాలా వరకు నివారించదగినవే. బిగించే రోజే కోసిన చోట్లకు, అడుగు అంచులకు వార్నిష్ పూస్తే పైన చెప్పిన పనుల్లో ఖరీదైన వాటి అవసరం చాలా తగ్గుతుంది.