కిన్నెర: స్వల్పవ్యయ వాద్యనిర్మాణ చరిత్ర

తెలుగువారి సంగీతచరిత్రను వ్రాయువారు ఆస్థానవిద్వాంసుల వీణలనే ముందుగాఁ బేర్కొనుట పరిపాటి. కట్టంగూరు మొదలు నల్లమల యంచున నున్న లింగాల వఱకుఁ గల మెట్టసీమలో, చేతికందిన వస్తువులతో రూపొందిన డక్కలివారి కిన్నెరకు ఆ చరిత్రలోఁ దగిన స్థానము లభింపలేదు.

ఇది నిన్నటి వాద్యము కాదు. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమునఁ గిన్నరీభేదములను వివరించెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునఁ గిన్నర బ్రహ్మయ్య కథ కలదు. డక్కలివారు జాంబపురాణగానమునకు దీనినే తోడు చేసికొనిరి.

వెదురుదండము, ఎండిన సొరబుఱ్ఱలు, తేనెమైనము, తంత్రి: ఇవియే ముఖ్యసామగ్రి. బుఱ్ఱ నాదమును పెంచును. మైనము మెట్లను నిలుపును. స్వరము తప్పినచో మైనమును మెత్తపఱచి మెట్టును జరుపవచ్చును. కావున శ్రుతి సవరణకు వాదకుని చెవియే పనిముట్టు. పేదఱికము సామగ్రిని పరిమితము చేసినదే కాని శాస్త్రమును కాదు.

1958లో ప్రకటితమైన బిరుదురాజు రామరాజు గారి జానపదగేయసాహిత్య గ్రంథము పాటల పఠనమును పరిశోధనకుఁ దెచ్చినది. పన్నెండుమెట్ల కిన్నెర వాదకుఁడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. చలనచిత్రగీతము ద్వారా ఆయన గళము లోకమునకు వినిపించినది. అయినను ధ్వనిముద్రణము నాదమునే నిలుపును. ఏ బుఱ్ఱను ఏఱవలెను, ఏ మెట్టును ఎచ్చట నతికింపవలెను అను నెఱుక చేతులలోనే యున్నది. పాటతోఁబాటు ఆ చేతిపనిని గూడ లిఖించుట పరిశోధకుల కర్తవ్యము.