కాలిబాట బీటలు – కాగితపు సాక్ష్యములు

న్యూయార్కు మహానగరమునందలి కాలిబాటల నన్నిటిని వరుసగా చేర్చినచో సుమారు 12,000 మైళ్ళ పొడవుండునని లెక్క. 19వ శతాబ్దమున వీనిలో పెక్కింటికి హడ్సను నదీప్రాంతపు గనులనుండి పడవలపై తెచ్చిన నీలిఛాయగల రాతిపలకలను పరచిరి. తరువాతి కాలమున వాని స్థానమును కాంక్రీటు పలకలు ఆక్రమించినవి. రాయియైనను కాంక్రీటైనను వాని శత్రువులు మాత్రము మారలేదు. శీతకాలమున బీటలలో నిలిచిన నీరు గడ్డకట్టి ఉబ్బి పలకలను పగులజేయును; చెట్ల వేళ్ళు అడుగునుండి పలక అంచును పైకెత్తును; గొట్టములకై త్రవ్విన గోతులు సరిగా పూడ్చబడక క్రుంగిపోవును. వృద్ధుని తుంటియెముక విరుగుటకు అరయంగుళము హెచ్చుతగ్గు చాలును. నగర నిబంధనలును ఆ అరయంగుళమునే ప్రమాదపు హద్దుగా గైకొన్నవి.

ఇట్లు తట్టుకొని పడినవారు నగరముపై దావా వేయుట చిరకాలముగా నున్నదే. పలకలను బాగుచేయించు విధి ఇంటి యజమానిదని శాసనము చెప్పుచున్నను, గాయపడినవారికి పరిహార మిచ్చు భారము నగరముపైననే యుండెను. లోపము ఎంతోకాలముగా నందరికళ్ళయెదుట నున్నదని, దానిని నగరోద్యోగులు చూచియుండవలసినదని రుజువైనచో న్యాయస్థానము పరిహారము నిప్పించెడిది. 1975 ప్రాంతమున దివాలా అంచువరకు పోయి వెనుదిరిగిన ఆ నగరమునకు ఈ పరిహారములు భరింపరానివిగా తోచుటలో వింతలేదు. కావుననే 1979లో నొక శాసనము వెలువడి, 1980 జూన్ 4 నాటినుండి అమలులోనికి వచ్చినది. ప్రమాదమునకు కనీసము 15 దినములు ముందుగా ఆ లోపమునుగూర్చి లిఖితపూర్వకముగా తెలుపబడియు, నగరము దానిని బాగుచేయని పక్షముననే దావా చెల్లునని దాని సారాంశము. నోటిమాట చెల్లదు; వీధివీధియు నెరిగిన సంగతి యనుట చెల్లదు. జనులు దీనిని గుంతల చట్టమని వ్యవహరించిరి.

పడబోవువాడు తాను పడబోవు చోటును ముందుగా నెరిగి జాబు వ్రాసియుంచునా? వ్రాయడని శాసనకర్తలకు తెలియక పోలేదు. కాని ఆ జాబును అందరి పక్షమునను ముందే వ్రాసిపెట్టగల వారొకరు బయలుదేరుదురని వారు ఊహించినట్లు లేదు. 1982లో న్యూయార్కు రాష్ట్రపు ట్రయల్ లాయర్ల సంఘము ‘బిగ్ ఆపిల్ పాట్‌హోల్ అండ్ సైడ్‌వాక్ ప్రొటెక్షన్ కార్పొరేషన్’ అను సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ పనివారు నగరపు అయిదు విభాగములందలి వీధులవెంట నడచుచు, కంటబడిన బీటను, గుంతను, పైకిలేచిన పలకను పటములపై ఒక్కొక్క విధమైన లోపమున కొక్కొక్క సంకేతముతో గుర్తించిరి. వేలకొలది పటములు నగర రవాణాశాఖలో దాఖలైనవి. న్యాయవాదుల లాభము దీనియందున్నమాట నిజమే. అయినను, తెలియదని చెప్పుకొనుటకై చేసిన చట్టమువలననే తన కాలిబాటల దుస్థితి నగరమునకు ఇంటిగడపవారీగా తెలియవచ్చుట చరిత్రలోని చమత్కారములలో నొకటి. తన ఖజానానుండి వ్యయపరచక లభించిన ఆ సర్వేను మరమ్మతులకు మార్గదర్శిగా గ్రహింపక, న్యాయస్థానమున ఎదుర్కొనవలసిన సాక్ష్యముగానే పరిగణించుట నగరము చేసికొన్న నష్టము.

వివాదము క్రమముగా పలకలను విడిచి సంకేతములమీదికి పోయినది. ఒకేచోటికి రెండు పటములున్నచో కడపటిదే ప్రమాణమని 1995లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము తీర్పుచెప్పెను. క్రొత్తపటమున గుర్తు లేకున్నచో పాతపటము నిష్ప్రయోజనమన్నమాట. 2008లో మరి రెండు వ్యాజ్యములు కలిసి అదే న్యాయస్థానమునకు చేరినవి. ఒకదానిలో పటము చూపిన లోపమొకటి, మనిషి పడుటకు కారణమైనది వేరొకటి. రెండవదానిలోని గుర్తు గీసినవాని తొందరకు ఫలమేమో, సంకేతసూచికలోని దేనితోను పోలదయ్యెను. ఒకరికది వంకర గుణకారపు గుర్తుగను, వేరొకరికి హీబ్రూ అక్షరముగను, మరియొకరికి పిడిలేని పంగలకఱ్ఱగను తోచినదట. స్పష్టతలేని గుర్తు నోటీసు కాజాలదని న్యాయమూర్తులు నిర్ణయించిరి. పడినవారి కష్టము నిస్సందేహమే, గీత మాత్రమే సందేహాస్పదము!

అంతకు పూర్వమే, 2003 సెప్టెంబరు 14 నాటినుండి అమలైన మరియొక శాసనము ఈ కథను మలుపుత్రిప్పినది. కాలిబాటపై గాయములకు ఇకమీదట ఆ కాలిబాటకు ఆనుకొనియున్న ఆస్తి యజమానియే బాధ్యుడు. యజమాని స్వయముగా నివసించు చిన్న ఇండ్లకు, అనగా మూడు కుటుంబములకు మించని గృహములకు మాత్రము మినహాయింపు. పటముల ప్రాబల్యము దీనితో చాలవరకు సన్నగిల్లినది. అదే సంవత్సరము మార్చిలో 311 అను టెలిఫోను సంఖ్య ప్రారంభమై, ఏ ఉద్యోగిని ఏ శాఖలో వెదకవలెనో తెలియని సామాన్యుడు సైతము విరిగిన పలకనుగూర్చి ఫిర్యాదు చేయుటకు వీలు కలిగినది. కాని ఫోనులో పలికిన మాట లిఖితమైన నోటీసగునా అను ప్రశ్న న్యాయవాదులను విడువలేదు. వ్రాసిన ఫిర్యాదు మాట వేరు: 2024లో, అదే రాష్ట్రమునందలి ఆల్బనీ నగరపు వీధిలోపమునకు సంబంధించిన వ్యాజ్యమున, నగరము తానే యేర్పరచుకొన్న అంతర్జాల ఫిర్యాదు పద్ధతి ద్వారా పౌరుడు వ్రాసి పంపినది లిఖితమైన నోటీసు కాగలదని ఆ అత్యున్నత న్యాయస్థానమే అంగీకరించెను.

నాలుగు దశాబ్దములకు మించిన ఈ వృత్తాంతమును పరిశీలించినచో, బీట యెవరిదను ప్రశ్నకు సమాధానము మారుచు వచ్చినదిగాని, దానిని చూచినవాడు ఊరకుండరాదను ధర్మము మారలేదని తేలుచున్నది. పాలకులు ఎరుకకే వెరచి దానికి కాగితపు కట్టుబాటు విధించినపుడు, పౌరులు కాగితముతోనే బదులుచెప్పిరి. నేడు ఆ పని న్యాయవాదుల సంస్థ చేయనక్కరలేదు. దారిని పోవు ప్రతివాని చేతిలోని ఫోనుకును ఆ శక్తి గలదు. ఫిర్యాదు వ్రాయువాడు పరుల పాదములకొరకు వ్రాయుచున్నాడు. దానివలన తప్పిన పతనములను ఏ న్యాయస్థానపు దస్తావేజులును లెక్కింపజాలవు.