మట్టి మిద్దె

మట్టి మిద్దె రాయలసీమలో కనిపించే సాంప్రదాయిక గృహం. నల్లమల అడవి అంచున, 2022 వరకు కర్నూలు జిల్లాలోను, ప్రస్తుతం నంద్యాల జిల్లాలోను ఉన్న ఆత్మకూరు ప్రాంతం కూడా ఈ సీమలోనిదే.

నిర్మాణం

రాతి గోడలపైన, కొయ్య స్తంభాలపైన దూలాలను, వాటికి అడ్డంగా దంతెలను అమర్చుతారు. దంతెలపై కట్టెలు గాని, నాపరాళ్ళు గాని పరచి, మట్టి వేసి, పైన చవుడు కప్పుతారు. తడిసిన చవుడు మెత్తబడి సందులను పూడ్చి, నీటిని లోనికి దిగనీయదు. వెలుతురు కొరకు కప్పులో గవాక్షి ఉంచుతారు.

మన్నిక

వర్షాకాలానికి ముందు చవుడు మళ్ళీ వేయవలసి ఉంటుంది. పాత పొరను తీయక కొత్తది వేస్తూ పోతే కప్పు బరువు పెరుగుతుంది. వానకు తడిసినపుడు ఆ బరువు మరింత హెచ్చుతుంది. చెదలు తొలిచిన దూలం దానిని మోయలేదు. ఎడతెగని వానలలో పాత మిద్దెలు కూలి ప్రాణనష్టం జరగడానికి ఇదొక ముఖ్య కారణం. అందుచేత చవుడు వేయుటకు ముందే, గోడలోనికి దిగిన దూలాల చివరలను పరీక్షించడం అవసరం.